తొమ్మిదితో భాగించి చూడు

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం చేరి పది రోజులు దాటింది. ఈపాటికి నన్ను నాలుగు తిట్లు తిట్టుకునే ఉంటావు. జవాబు రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను, రెండుసార్లూ లేచిపోయాను. నువ్వడిగినదానికి నిజాయితీగా జవాబు చెప్పాలంటే నా గురించి నేనే ఒక చెడ్డ సంగతి బయటపెట్టుకోవాలి. అదీకాక నీతో నాకొక పని పడింది. దాన్ని ఎలా మొదలుపెట్టాలో తెలియక తాత్సారం చేశాను. ఆ పని మాట చివర్లో చెబుతాను. ముందు నీ గొడవ చూద్దాం.

విభాగానికి పెద్దవయ్యావు, సంతోషం. కానీ ఉత్తరం నిండా ఏడుపే కదరా! పధ్నాలుగు మంది ఉన్నారు, ఒకరు చిక్కులో పడితే పక్కవాళ్లు తలెత్తి చూడరు, ఎవరికి వారే యమునా తీరే అని రాశావు. లోకంలోని స్వార్థపరులందరినీ ఏరి నా విభాగంలోనే పడేశారని కూడా తేల్చేశావు. దానికి మందుగా ప్రతి నెలా 'ఉత్తమ సహాయకుడు' బహుమతి, గోడ మీద ఫలకం, ఫలకం మీద ఫోటో! ఆ ఫోటో మాట దగ్గర నవ్వు ఆపుకోలేకపోయాను, ఏమీ అనుకోకు. ఫలకం మాత్రం ఇంకా చేయించకు. ముందు ఇది చదువు.

ఇప్పటి ఉద్యోగానికి ముందు నేను ఇంకోచోట లెక్కల విభాగంలో పనిచేశాను, గుర్తుందిగా? పేరెందుకులే. అక్కడ మూడు నెలలకోసారి అందరి పనినీ తూచి ర్యాంకులు ఇచ్చేవారు. ఆ జాబితాను మంచినీళ్ల కుళాయి పక్కన గోడకు అంటించేవారు. దాహం వేసిన ప్రతివాడూ చూడాలని కాబోలు. అట్టడుగున ఉన్న ఇద్దరిని లోపలికి పిలిచి మాట్లాడేవారు. ఏం మాట్లాడేవారో తెలియదు. బయటికి వచ్చినవాళ్ల ముఖాలు చూశాక అడగబుద్ధి అయ్యేది కాదు.

ఒకసారి కొత్త కుర్రాడు చేరాడు. నెలాఖరు రోజులు. వాడి లెక్క ట్యాలీ కాలేదు. తేడా 180. వాడు పద్దుల పుస్తకం మీద స్కేలు పెట్టి, ఒక్కో వరుస కిందికి జరుపుతూ, పెదవులు కదుపుతూ, చదివిన ప్రతి అంకె పక్కనా పెన్సిలుతో టిక్కు పెడుతూ రెండు రోజులు వెతికాడు. నా కుర్చీ సరిగ్గా వాడి వెనకే. భుజం మీదుగా ఆ 180 కనబడగానే నాకు సంగతి తట్టింది. తేడాను తొమ్మిదితో భాగించి చూడాలి. శేషం మిగలకపోతే ఎక్కడో పక్కపక్కనున్న రెండు అంకెలు తారుమారై ఉంటాయని అనుమానించాలి. 6,318 అని రాయాల్సినచోట 6,138 అని పడి ఉంటుంది. అది కాకపోతే తేడాలో సగం ఎంతో చూసి ఆ మొత్తం ఎక్కడ ఉందో వెతకాలి, డెబిట్ వైపు పడాల్సింది క్రెడిట్ వైపు పడి ఉంటుంది. లెక్కల్లో తల నెరిసినవాళ్లందరికీ తెలిసిన చిట్కాలే ఇవి. చెప్పడానికి అర నిమిషం చాలు.

నేను చెప్పలేదు. రెండో రోజు సాయంత్రం వాడు వెనక్కి తిరిగి, "సార్, ఒక్కసారి ఇది చూస్తారా?" అన్నాడు. "నాదే తెమలలేదు బాబూ" అన్నాను. అని ఊరుకోలేదు, నా స్క్రీను కాస్త పక్కకు తిప్పుకున్నాను. వాడి రెండు రోజులు పోతే జాబితాలో నా పేరు ఒక మెట్టు పైకి వెళ్తుంది. అంత స్పష్టంగా మనసులో అనుకున్నానా అంటే, లేదు. అనుకోవాల్సిన అవసరం కూడా లేకపోయింది. చెయ్యి దానంతటదే స్క్రీనును తిప్పింది.

నీకు తెలిసిన నేను అలాంటివాణ్ణా? పరీక్షకు ముందు రాత్రి తెల్లవార్లూ కూర్చోబెట్టి నీకు స్టాటిస్టిక్స్ నూరిపోసినవాణ్ణి కదా! (నాకంటే నీకే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆ సంగతి ఎత్తను.) మధ్యలో నా గుణమేమీ మారలేదు. మారిందల్లా గోడ మీది కాగితం.

తర్వాత ఇక్కడికి వచ్చాను. చేరిన మొదటి వారంలోనే నాకు వింతగా తోచిన సంగతి ఒకటి జరిగింది. మా విభాగానికి పెద్ద ఒక మేడమ్, పాతికేళ్ల అనుభవం. ఆవిడ ఉన్నట్టుండి కుర్చీ వెనక్కి జరిపి, గదంతా వినబడేలా, "ఈ పద్దు నాకు బోధపడటం లేదు. ఎవరికైనా తెలుసా?" అన్నారు. నేను బిక్కచచ్చిపోయాను. అంత పెద్దావిడ తనకు తెలియదని అందరి ముందూ ఒప్పుకుంటే ఇంకేమైనా ఉందా! మూడు కుర్చీల చక్రాలు కిర్రుమన్నాయి. అందరికంటే చిన్నమ్మాయి వెళ్లి ఏదో చూపించింది. "అదా! నాకు తట్టనే లేదు" అని ఆవిడ పుస్తకంలో రాసుకున్నారు. అంతే. ఎవరి పని వాళ్లు చేసుకున్నారు. నెల తిరగకుండానే నేను ఒకాయన వెనక నిలబడి, అడక్కుండానే, "తొమ్మిదితో భాగించి చూడండి" అంటున్నాను. మంచివాడివి కమ్మని నాకెవరూ చెప్పలేదు.

అందుకే నీ పధ్నాలుగు మందీ స్వార్థపరులంటే నేను నమ్మలేను. సాయం చేసేవాడి మనసు ఎలాంటిదా అని నువ్వు వెతుకుతున్నావు. నేనైతే సాయం అడిగినవాడికి ఆ గదిలో ఏమవుతుందో చూస్తాను.

ఇది నా సొంత కనుగోలేమీ కాదు. పీటర్ బ్లౌ అని ఒక సామాజిక శాస్త్రవేత్త. వియన్నాలో పుట్టి అమెరికా చేరినవాడు. 1955లో వెలువడిన తన పుస్తకం కోసం ఆయన అక్కడి ఒక ప్రభుత్వ ఉపాధి కార్యాలయాన్ని దగ్గర కూర్చుని గమనించాడు. పనికోసం వచ్చినవాళ్లకు ఖాళీలు చూపించడం అక్కడి ఉద్యోగుల పని. ఫలానాచోట ఖాళీ ఉందని కబురు రాగానే దాన్ని రాసి, అందరూ చూసుకునే పెట్టెలో వేయాలి. ఒక విభాగంలో పైఅధికారి ఎవరు ఎంతమందికి పని ఇప్పించారన్న లెక్కనే పట్టుకుని ఉద్యోగులను అంచనా కట్టేవాడు. అక్కడేమైంది? వచ్చిన ఖాళీలను పెట్టెలో వేయకుండా తమ దగ్గరే దాచుకోవడం మొదలుపెట్టారు. అదే కార్యాలయంలో ఇంకో విభాగం ఉంది. అక్కడ ఆ లెక్కలకు అంత పట్టింపు లేదు. ఖాళీలు చేతులు మారేవి. చివరకు మొత్తంగా ఎక్కువ పని జరిగింది ఈ రెండో విభాగంలోనే. మొదటి విభాగంలో దాచుకున్నవాడు వ్యక్తిగా లాభపడ్డాడు, విభాగం నష్టపోయింది. ఇది చదివినప్పుడు నా పక్కకు తిరిగిన స్క్రీను గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

ఆయనే ఇంకో ప్రభుత్వ శాఖను కూడా చూశాడు. అక్కడి నియమం ఏమిటంటే, కేసులో సందేహం వస్తే పైఅధికారినే అడగాలి, తోటివాళ్లను అడగకూడదు. అయినా అందరూ తోటివాళ్లనే అడిగేవారు. తనకు మార్కులు వేసేవాడి దగ్గరికి వెళ్లి తెలియదని ఎవడు చెప్పుకుంటాడు? బ్లౌ దాన్ని ఒక మారకంగా చూశాడు. అడిగినవాడికి సలహా దక్కుతుంది. బదులుగా నీకంటే నేను ఒక మెట్టు తక్కువని ఒప్పుకోవాలి. చెప్పినవాడికి గౌరవం దక్కుతుంది, బదులుగా సమయం పోతుంది. మనం ఎప్పుడూ ఇచ్చేవాడి ఖర్చు గురించే మాట్లాడతాం, పుచ్చుకునేవాడి ఖర్చును లెక్కలోకే తీసుకోం. నీ విభాగంలో ఒకడు నోరు తెరిచి అడిగితే వాడికి ఎంత ఖర్చవుతుందో ఎప్పుడైనా లెక్క వేశావా?

పెద్ద పెద్ద సంస్థలు కూడా ఇక్కడే తప్పటడుగు వేశాయి. మైక్రోసాఫ్ట్‌లో ఏళ్ల తరబడి ఉద్యోగులను ఒకరితో ఒకరిని పోల్చి గ్రేడుల వారీగా విడదీసే పద్ధతి ఉండేది. ప్రతి బృందంలోనూ ఎవరో ఒకరు అడుగున ఉండి తీరాలి. 2013 నవంబరులో ఆ పద్ధతికి స్వస్తి చెప్పారు. పక్కవాడు మునిగితేనే నువ్వు తేలే ఏర్పాటు చేసి, మళ్లీ కలిసి ఈదండని గోడ మీద సూక్తులు రాస్తే ఎవరు వింటారు?

ఇక నీ ఫలకం. ఇజ్రాయెల్‌లోని హైఫాలో ఇద్దరు ఆర్థికవేత్తలు, యూరి గ్నీజీ, ఆల్డో రుస్తికినీ, పిల్లల సంరక్షణ కేంద్రాల్లో ఒక ప్రయోగం చేశారు. 2000లో ప్రచురించారు. సాయంత్రం పిల్లలను తీసుకెళ్లడానికి కొందరు తల్లిదండ్రులు ఆలస్యంగా వస్తున్నారని చిన్న జరిమానా పెట్టారు. ఆలస్యం తగ్గాలి కదా? దాదాపు రెట్టింపైంది! జరిమానా తీసేశాక కూడా మునుపటి స్థాయికి దిగలేదు. అంతకుముందు ఆలస్యమైతే, పాపం, టీచరు మన కోసం ఎదురుచూస్తోందనే మొహమాటం ఉండేది. జరిమానా వచ్చాక అది డబ్బు కట్టి కొనుక్కునే సేవ అయిపోయింది. అది జరిమానా, నాది బహుమతి కదా అంటావు. నిజమే, రెండూ ఒకటి కాదు. కానీ మొహమాటంతో, మమతతో నడిచే వ్యవహారానికి ఒక రేటు కడితే దాని స్వభావమే మారిపోతుందన్న భయం నాకు రెండింటి విషయంలోనూ ఉంది. నీ ఫలకం పెట్టిన మర్నాటి నుంచి నువ్వు గదిలో ఉన్నప్పుడే సాయాలు జరుగుతాయి, చూస్తూ ఉండు. నువ్వు బయటికి వెళ్లగానే మళ్లీ యమునా తీరమే. అడక్కుండా మౌనంగా చేసిపెట్టే మనిషి ఎవరో ఒకరు ఉంటారు, వారి ఫోటో ఎప్పటికీ గోడ ఎక్కదు.

అసలు ఈ అడక్కుండా చేసే పనులకు పండితులు ఒక పేరు కూడా పెట్టారు. 1980లలో డెన్నిస్ ఆర్గన్, ఆయన సహచరులు తెచ్చిన మాట అది, తెలుగులో చెప్పాలంటే 'సంస్థాగత పౌర ప్రవర్తన'. పేరు వింటే ఏదో శాసనసభ బిల్లులా ఉంది కానీ విషయం సులువే. ఉద్యోగ వివరణలో ఉండదు, జీతంతో నేరుగా ముడిపడదు, అయినా అది లేకపోతే సంస్థ నడవదు. దీనికి రుజువు ఎక్కడో వెతకనక్కర్లేదు. ఉద్యోగులు నిరసన తెలపాలనుకున్నప్పుడు కొన్నిసార్లు సమ్మె చేయరు, నిబంధనల్లో ఉన్నది ఉన్నట్టు, అక్షరం పొల్లుపోకుండా మాత్రమే పనిచేస్తారు. అంతే, పని కుంటుపడుతుంది! రాసిపెట్టిన నియమాలతో సంస్థ నడుస్తుందనుకునేవాళ్లు ఇది ఒక్కసారి చూడాలి.

ఇంకో మాట. మీ వాళ్లకు ఊపిరి తీసుకునే తీరిక ఉందా? ప్రతివాడి నెత్తి మీదా ఇద్దరి పని ఉందని నువ్వే ఎక్కడో ఒక వాక్యంలో రాసి దాటేశావు. నాకు మాత్రం ఉత్తరం మొత్తంలో అదే పెద్ద వాక్యంగా కనిపించింది. డార్లీ, బాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో మత బోధకులు కాబోయే విద్యార్థుల మీద చేసి, 1973లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. ఒక్కొక్కరినీ ప్రసంగం చేయమని పక్క భవనానికి పంపారు. దారిలో ఒక మనిషి కూలబడి మూలుగుతూ, దగ్గుతూ ఉంటాడు. తీరిగ్గా వెళ్తున్నవాళ్లలో 63 శాతం ఆగి పలకరించారు. ఇప్పటికే ఆలస్యమైపోయింది, పరుగెత్తమని చెప్పి పంపినవాళ్లలో ఆగింది 10 శాతమే. కొందరు వెళ్తున్నది, దారిలో పడి ఉన్నవాడిని ఆదుకున్న బాటసారి కథ మీద ప్రసంగించడానికే! అది కూడా పెద్దగా తేడా చూపలేదట. కాబట్టి నీ వాళ్లకు ముందు నీతిపాఠం పెడతావో, ఇంకో మనిషిని పెడతావో నువ్వే ఆలోచించు.

తప్పు జరిగినప్పుడు ఏం చేస్తావన్నది ఇంకో పెద్ద విషయం. 1990లలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను లెక్కించింది. మంచి బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆమె ఊహ. లెక్క తిరగబడింది. బాగా కలిసి పనిచేసే బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. తర్వాత అర్థమైందేమిటంటే, వాళ్లు ఎక్కువ తప్పులు చేయడం లేదు, చేసిన తప్పును దాచడం లేదు. మిగతాచోట్ల భయంతో కప్పిపెడుతున్నారు. దాచిన తప్పుకు సాయం ఎవరు చేయగలరు చెప్పు? టొయోటా కర్మాగారాల సంగతి నీకు తెలిసే ఉంటుంది. పని చేసేవాడి తల మీదుగా ఒక తాడు ఉంటుంది (ఇప్పుడు కొన్నిచోట్ల తాడు బదులు మీట పెట్టారు). చిన్న తేడా కనబడినా లాగవచ్చు. లాగితే దీపం వెలుగుతుంది, బృంద నాయకుడు వచ్చి చెయ్యి కలుపుతాడు. కారు ఆ మజిలీ దాటేలోపు సర్దుకోకపోతే వరుస మొత్తం ఆగుతుంది. అక్కడ సాయం అడగడం బలహీనత కాదు, ఉద్యోగంలో భాగం. ఆ తాడును చూసే నాకు అసూయ. నా పాత ఆఫీసులో తాడు కట్టి ఉంటే, లాగినవాడికి అది ఉరితాడే అయ్యేది.

అలాగని సాయం ఎంత జరిగితే అంత మంచిదని కూడా అనుకోకు. మా ఆఫీసును ఇంతసేపు పొగిడాను కదా, ఇక్కడి మచ్చ కూడా చెబుతాను. ఆ రోజు లేచి వెళ్లి పద్దు చూపించిన చిన్నమ్మాయి ఉంది చూడు, రెండేళ్లలో ఆమె బల్ల దగ్గర ఎప్పుడు చూసినా ఒకరు నిలబడే ఉండేవారు. ఎవరికి ఏ ఫార్ములా పనిచేయకపోయినా ఆమే. సమావేశం వివరాలు ఎవరు రాయాలి? ఆమే. కొత్తవాళ్లకు ఎవరు నేర్పాలి? ఆమే. తన సొంత పని మొదలుపెట్టేది సాయంత్రం అందరూ వెళ్లిపోయాక. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా! ఒకరోజు ఆమె చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని వచ్చింది. పాటలేమీ వినడం లేదని, ఎవరూ పిలవకుండా ఉండటానికేనని తర్వాత తెలిసింది. ఆ సంవత్సరం పదోన్నతి వేరేవాడికి వచ్చింది. ఎవరికీ ఏమీ చేసిపెట్టని వాడికి.

సంస్థల్లో జరిగే అసలైన సహకారంలో 20 నుంచి 35 శాతం దాకా కేవలం 3 నుంచి 5 శాతం మంది ఉద్యోగుల మీదే పడుతోందని రాబ్ క్రాస్, ఆడమ్ గ్రాంట్ తదితరులు 2016లో రాశారు. మా గది చూశాక నాకు ఆశ్చర్యం అనిపించలేదు. ఆ కొద్దిమందిలో ఆడవాళ్ల మాట వేరే చెప్పాలి. మగవాడు సాయం చేస్తే "ఎంత మంచివాడో" అంటారు, ఆడమనిషి చేస్తే అది ఆమె సహజ గుణం అంటారు, చేయకపోతే పొగరు అంటారు. దీని మీద కూడా పరిశోధనలు ఉన్నాయి కానీ, నీకు పరిశోధన అవసరం లేదు. నీ విభాగంలో గత నెలలో సమావేశం వివరాలు ఎవరెవరు రాశారో ఒక్కసారి కాగితాలు తిరగేసి చూడు.

మా మేడమ్ ఆ హెడ్‌ఫోన్లు చూసి ఊరుకోలేదు. పద్దుల పేచీలు చూడటానికి వారానికి ఒకరి చొప్పున వంతులు వేశారు. నా వంతు వచ్చినప్పుడు సగం ప్రశ్నలకు నాకు జవాబు తెలియలేదనుకో, అది వేరే సంగతి. అలా తెలియకపోవడం వల్లే నేర్చుకున్నాను. సంవత్సరాంతంలో మేడమ్ ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, నువ్వేం సాధించావని కాకుండా, "ఈ ఏడాది నీకు ఎవరు సాయపడ్డారు?" అని అడుగుతారు. ఆ జవాబులు గోడకు అంటించరు. జీతం పెంచేటప్పుడు గుర్తుపెట్టుకుంటారు. నీ ఫలకం కంటే ఇది నాకు నచ్చింది. పెట్టెలో వేసిన కాగితం ఎవరిదో పెట్టెకు కాదు, దాన్ని వాడుకున్నవాడికి తెలుస్తుంది కదా.

నువ్వేం చేయాలని అడిగావు. సోమవారం పొద్దున్నే అందరూ ఉన్నప్పుడు నీకు నిజంగా తెలియనిది ఒకటి, నటించకుండా, గట్టిగా అడుగు. మొదటి రోజు ఎవరూ కదలకపోవచ్చు. నీ పరువు పోయినట్టు అనిపిస్తుంది, ఓర్చుకో. ఎవరైనా లేచి వచ్చి చెబితే "ఇది నాకు తెలుసులే" అనే మాట నోటి నుంచి జారనీయకు, నీకు ఆ దురలవాటు ఉంది. ఎవరైనా తప్పు చేశానని చెబితే మొదటి అర నిమిషం ఏమీ అనకు. అంతకంటే పెద్ద పథకాలు నా దగ్గర లేవు.

ఇక నా పని. ఇన్ని పేజీలు రాసింది ఆ మాటను వెనక్కి నెట్టడానికేనని నీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. ఫ్లిన్, లేక్ అనే ఇద్దరు పరిశోధకులు 2008లో ఒక సంగతి తేల్చారు. సాయం అడగబోయేవాళ్లు, అవతలివాళ్లు ఒప్పుకుంటారా అని వేసుకునే అంచనా బాగా తక్కువగా ఉంటుందట. అడిగాక చూస్తే అనుకున్నదానికంటే చాలా ఎక్కువమంది సరేనంటారట. ఇది చదివి, తెలిసి కూడా పది రోజులు ఆగాను చూడు! అడగనిదే అమ్మైనా పెట్టదు, కాబట్టి అడిగేస్తున్నాను. మా మేడమ్ వచ్చే నెలలో పదవీ విరమణ చేస్తున్నారు. ఆ స్థానానికి నేను దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూ ఇరవయ్యో తారీఖున. నువ్వు ఇప్పుడే ఆ మెట్టు ఎక్కినవాడివి. నాకంటే ముందు ఎక్కావు, అదే నా గొంతులో ఇన్నాళ్లూ అడ్డం పడింది. ఆదివారం సాయంత్రం ఒక గంట ఫోనులో కూర్చుని, వాళ్లు నిన్ను అడిగిన ప్రశ్నలన్నీ నన్ను అడుగుతావా? మొహమాటపడకుండా, తప్పు చెబితే తప్పని చెప్పు. ఆదివారం కుదరకపోతే ఏ రోజైనా సరే, రాత్రి ఎంత పొద్దుపోయినా సరే.

ఉంటాను. ఫలకానికి ఇప్పటికే బయానా ఇచ్చేసి ఉంటే ఆ సంగతి కూడా రాయి, తిరిగి ఎలా రాబట్టాలో ఆలోచిద్దాం.

నీ
స్టాటిస్టిక్స్ మాస్టారు